డబ్బా టీవీలో రాలిన పిట్టలు

మా చిన్నప్పుడు కోరుట్లలో తుపాకీ పట్టాలంటే ముందు చేతులు కడుక్కోవాలి... మా గల్లీకంతా అక్క అయిన షాహీన్ ఆపా పెట్టిన రూలు అది. మురుకులు తిన్న చేతులతో వచ్చిన వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపి బకెట్ చూపించేది.

తుపాకీ అంటే ప్లాస్టిక్‌ది లెండి. వెనక పొడుగాటి వైరు. రోడ్డు వైపు గదిలో ఒక ప్లైవుడ్ పెట్టె, అందులో టీవీ, దానికి కలిపిన గేము... ఆటకింత అని డబ్బులిచ్చి, తెర మీద పిట్టలు ఎగురుతుంటే గురిచూసి కొట్టాలి. పెట్టె మీద ఆపా తన చేత్తోనే పిట్టల బొమ్మలు వేసింది. అవి అచ్చం కోళ్ళలా ఉండేవి. ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

భర్త నడుము పడిపోయి మంచం పట్టినప్పటి నుంచి ఆ పెట్టే వాళ్ళ ఇంటిని సాకింది. అందుకే ఆపా దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు లారీల దుమ్మంతా తుపాకీ మూతిలోని అద్దం మీదే పడేది. పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేది. ట్రిగ్గర్ స్ప్రింగు తనే మార్చేది, తెగిన వైరు తనే అతికేది. తెర మీద ఎండ పడకుండా నల్ల పర్దా కట్టింది.

మేమేం తక్కువా... తుపాకీని బల్బు వైపు తిప్పి నొక్కినా పిట్ట రాలుతుందని కనిపెట్టేశాం! మర్నాటికి ఆ గదిలో బల్బే లేదు. ఆపాతో పెట్టుకుంటే అంతే.

అవి తెలంగాణ కోసం ఊరూరా జనం రోడ్డెక్కిన రోజులు. బంద్ అంటే ఆపా కూడా షట్టర్ దించేది. మిగతా రోజుల్లో బడులేమో సమ్మెలో, మేమేమో ఆమె గదిలో. సరిగ్గా అలాంటప్పుడే పెట్టెలోని టీవీ కాలిపోయింది.

దుబాయ్‌లో ఉన్న ఆమె తమ్ముడు పలచటి కొత్త టీవీ పంపించాడు. బొమ్మ ఎంత బాగుందో! మేమంతా ఈలలు వేశాం. ఆపా బిస్మిల్లా అని తుపాకీ ఎత్తింది... ఒక్క పిట్ట కూడా రాలలేదు.

తప్పు తుపాకీదే అనుకుంది. విప్పింది, తుడిచింది, వైరు మార్చింది. జగిత్యాల పోయి కొత్త తుపాకీ తెచ్చింది. అయినా పిట్టలు హాయిగా ఎగిరిపోతూనే ఉన్నాయి. మెల్లగా పిల్లలు రావడం మానేశారు. ఆపా ఖాళీ గదిలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అట్లా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మా బాపును, అంటే నాన్నను కన్న తల్లి, బాపమ్మ, ఒకరోజు ఆపాను పిలిచింది.

"గా తుపాకి ఓపారి మా ఇంటికి తే బిడ్డా. దుకాణంలకచ్చి ఆడాలంటే నాకు సిగ్గయితది."

"అది పనిచేస్తలేదు పెద్దమ్మా."

"చెయ్యకపోతే పాయె. పట్టుకొని చూస్త."

ఆపా గేము డబ్బా, తుపాకీ పట్టుకొచ్చింది. మా బాపు దర్జీ. కుట్టుమిషన్ ముందు కూర్చుని, పొద్దస్తమానం మా పాత డబ్బా టీవీలో ఉద్యమం వార్తలు చూసేవాడు. ఆయన అరుస్తూనే ఉన్నాడు, బాపమ్మ కేబుల్ వైరు పీకించి ఆపా గేము పెట్టించింది. ఒక కన్ను మూసి, పళ్ళు బిగించి నొక్కింది...

పిట్ట రాలింది!

"అయ్యో, సచ్చిందా?" అని బాపమ్మ తుపాకీ కింద పడేసింది.

చాలా ఏళ్ళకు గానీ నాకు అర్థం కాలేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర మీద పిట్ట ఉన్నచోట రెప్పపాటు తెల్లగా మెరుస్తుందట. తుపాకీలోని కన్ను ఆ మెరుపును పట్టుకుంటుందట. పలచటి టీవీలో ఆ మెరుపు కాస్త ఆలస్యంగా వచ్చి తుపాకీకి అందదట. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే... ఆపా పెట్టెకు మా డబ్బా టీవీ కావాలి.

"అన్నా, నా కొత్త టీవీ మీరు తీసుకోండ్రి. గిది నాకియ్యుండ్రి" అంది ఆపా.

"వద్దు చెల్లె. పాతదిచ్చి కొత్తది గుంజుకున్న అంటరు. గది నీ తమ్ముడు నీకు పంపింది."

"మరి నా ఇల్లు ఎట్ల నడవాలె అన్నా?"

బాపు మిషన్ ముందు నుంచి లేచి, గుడ్డముక్కతో డబ్బా టీవీ మీది దుమ్ము తుడిచాడు.

"సరే. కొత్తది మా ఇంట్ల అమానత్. నాది కాదు, నువ్వు నమ్మి దాచిపెట్టిన సొమ్ము. ఎప్పుడు కావాల్నన్నా తీస్కపో."

అన్నమాట తప్పలేదు మా బాపు. వార్తలు అయిపోగానే ఆ టీవీకి గుడ్డ కప్పేవాడు. మేము వేలు పెడితే, "ఆపా సొమ్మది!" అని కసిరేవాడు. అటు ఆపా గదిలో మళ్ళీ పిల్లల గోల మొదలైంది.

ఇక ఆ సాయంత్రం... తెలంగాణ మీద ఏదో తేలబోతోందని తెలిసి గల్లీ అంతా మా ఇంటికి వచ్చింది. ఇంట్లో కాలు పెట్టే సందు లేక బాపు, బాపమ్మ, నేను ఆపా గదికి నడిచాం. ఆపా ఆటకొచ్చిన పిల్లలను లేపేసింది, పర్దా ఎత్తేసింది, గేము వైరు పీకి కేబుల్ పెట్టింది. రోడ్డు మధ్యదాకా జనం. మంచంలోని భర్తను నలుగురు కుర్చీలో మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. పోతున్న లారీ కూడా ఆగిపోయింది.

వార్త వచ్చింది. ఒక్కసారిగా కేకలు, ఈలలు...

"ఏందీ? ఇచ్చిండ్రా? మల్లొక్కపారి చెప్పుమను!" అంటోంది బాపమ్మ.

మా బాపు షాహీన్ ఆపా చేయి పట్టుకుని, "అచ్చింది చెల్లె... అచ్చింది" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు మా గల్లీలో ప్రతి ఇంట్లోనూ గోడంత టీవీ ఉంది. అంత పెద్ద వార్త మళ్ళీ వచ్చినా ఎవరి ఫోనులో వాళ్ళం చూసుకుంటాం... పట్టుకుని ఏడవడానికి పక్కన ఒక చేయి ఉంటుందా అని నా బాధ.

ఆ సాయంత్రం మీరెక్కడ నిలబడ్డారు? ఎవరి చేయి పట్టుకున్నారు?