బర్రె కోక సిలోనుకు పోయిన వైనం

విదేశయాత్ర తలపెట్టిన వాళ్ళు ముందుగా జయరామయ్యను దర్శించుకోవడం ఇందుకూరుపేటలో కొంతకాలం ఒక పద్ధతిగా సాగింది. ఆయన పోయింది ఒక్కసారి, అదీ పక్కనున్న సిలోనుకు. అయినా రంగూనుకో సింగపూరుకో పోయేవాళ్ళు కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఆయన గొంతు సవరించుకుని సెలవిచ్చేవాడు: టీకాలు ఎడమచేతికే వేయించుకోండి, కుడిచేత్తో పెట్టె మోయాలి. ఓడలో నడిమధ్య చోటు చూసుకోండి, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకోండి, సముద్రం వైపు మాత్రం చూడకండి. ఊరగాయ జాడీలో వద్దు, రేకు డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పొయ్యండి. వినేవాళ్ళు తల ఊపి లేచిపోయేవారు. ఈ జ్ఞానం ఆయన ఎంత భయం పోసి కొనుక్కున్నాడో వాళ్ళెవరికీ తెలియదు.

భయం విషయంలో ఆయనకు మొదటినుంచీ లోటు లేదు. మూడెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు, ఒక బర్రె, చెంచులక్ష్మి అనే భార్య. ఈ నాలుగింటి గురించీ వంతులవారీగా దిగులుపడేవాడు. వాన రాదేమోనని ఊళ్ళో అందరికంటే ముందు బెంగపడేది ఆయనే, వచ్చింది ఆగదేమోనని బెంగపడేదీ ఆయనే. పొలానికి పోతూ పోతూ, తలుపు వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాడు. వచ్చి చూస్తే తలుపు బార్లా తీసి ఉండేది, గడప దగ్గర చెంచులక్ష్మి బియ్యం ఏరుతూ ఉండేది.

"నేనింట్లో వుంటే తలుపెందుకేస్తావయ్యా? నన్నెవరన్నా ఎత్తుకపోతారనా?"

"అట్టా కాదు మే, అలవాటైతే మంచిదని."

చెంచులక్ష్మి చెల్లెలు ఇందిరమ్మ కొలంబోలో కాపురం ఉంటోంది. ఆమె భర్త అక్కడ బట్టల కొట్టులో గుమాస్తా. అక్కనూ బావనూ రమ్మని ఇందిరమ్మ ఏటా పిలిచేది. ఏటా బర్రె అడ్డం వచ్చేది. కాపురానికి వచ్చింది మొదలు చెంచులక్ష్మి ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి పడుకోలేదు. పొద్దునా సాయంత్రం పితకడానికి ఆమె ఉండాలి. ఇదిలా ఉండగా పందొమ్మిదివందల అరవైలో, సరిగ్గా ఎండాకాలం ముందు, ఈనిన కొద్దిరోజులకే దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె ఊరికే చేపదు, అంటే పాలు పొదుగులోకి దించదు. ఈ బర్రె తన చేపును చెంచులక్ష్మి కోక వాసనకు ముడివేసుకుంది. ఆ వాసన దగ్గరికి వస్తే ధారలు, రాకపోతే తన్నులు.

ఇక ప్రయాణం మాట ఎత్తరని జయరామయ్య నిమ్మళపడ్డాడు. ఆ సంవత్సరమే చెంచులక్ష్మి పట్టు పట్టింది. పక్కింటి పిచ్చమ్మను పిలిచి, తాను విడిచిన కోక కట్టించి, బర్రె కింద కూర్చోబెట్టింది. బర్రె వాసన చూసింది, ఆలోచించింది, మోసపోయింది. చెంబు నిండింది. ఈ నాటకం వారం పాటు నడిపి చూశాక, "బర్రె ఒప్పుకునింది. ఇంక నువ్వొప్పుకోవాల" అని మొగుడితో చెప్పింది. అంతమంది ఒప్పుకున్నాక ఆయన ఒక్కడూ కాదనలేకపోయాడు.

బయలుదేరిన తెల్లవారుజామున చెంచులక్ష్మి పాలు పితికి, కట్టిన కోక విడిచి, పిచ్చమ్మ కోసం వసారాలో మంచం మీద పెట్టి నీళ్ళు పోసుకోవడానికి పోయింది. జయరామయ్య అప్పుడు పెట్టెను మూడోసారి సర్దుతున్నాడు. ఊరగాయ డబ్బా కదులుతున్నట్టు ఆయనకు అనుమానం. చుట్టూ ఏదైనా పాతగుడ్డ కుక్కితే కుదురుగా ఉంటుందనిపించింది. మంచం మీద పాతగుడ్డ కనిపించింది. కుక్కాడు. తర్వాత వీధితలుపుకు రెండు తాళాలూ పెరటితలుపుకు ఒకటీ వేసి, ఒక్కొక్కదాన్నీ గుంజి చూసి, తాళంచెవులు మొలతాడుకు కట్టుకుని బస్సెక్కాడు. నెల్లూరు చేరేదాకా మొల తడుముకుంటూనే ఉన్నాడు.

ధనుష్కోటి రేవులో ఓడ ఎక్కే ముందు పెట్టెలు తెరిచి చూస్తారు. ఆడవాళ్ళను టీకా మచ్చలు చూడడానికి వేరే వరుసలో నిలబెట్టారు. జయరామయ్య పెట్టె తెరిచిన అధికారికి తెలుగు వచ్చు. అది అదృష్టమో కాదో చెప్పడం కష్టం. ఆయన ఊరగాయ డబ్బా పక్కనుంచి ఒక గుడ్డ కొస పట్టుకుని బయటికి లాగాడు.

"ఏందయ్యా ఇది?"

"కోక, సార్."

"అది కనిపిస్తానే వుంది. వాసనేంది?"

జయరామయ్య అప్పుడు గుర్తుపట్టాడు. 

"ఇది మా బర్రెది సార్."

"మీ వూళ్ళో బర్రెలు కోకలు కట్టుకుంటాయా?"

"అయ్యో, లేదు సార్. పక్కింటామె కట్టుకోవాల."

"మరి పక్కింటామె కోక నువ్వెందుకు ఎత్తుకొచ్చినావు?"

పక్కింటి ఆడమనిషి కోకను ఊరగాయ పక్కన దాచుకుని దేశం దాటిపోతున్న ఆ మనిషిని అధికారి కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. పెట్టె మీద సుద్దతో గీత గీసి, "మూసెయ్, మూసెయ్" అన్నాడు.

పితకకపోతే పొదుగు గట్టిపడుతుంది, వాస్తుంది, చివరికి బర్రె ఉండీ లేనట్టవుతుంది. ఇది తెలిస్తే చెంచులక్ష్మి ఓడ ఎక్కదు. రేవులోంచే వెనక్కి తిరుగుతుంది, అందులో సందేహం లేదు. చెప్పడానికే ఆయన ఆమె కోసం వెతికాడు. ఆమె ఇసక చివర నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఓడను చూస్తూ, ముక్క తెలుగు రాని ఒక అరవ ముసలమ్మకు "మా చెల్లెలు కొలంబోలోనే వుండేది" అని తెలుగులో వివరిస్తోంది. ఆ ముసలమ్మ అన్నిటికీ తల ఊపుతోంది. చేతిలో ఏ పనీ లేకుండా భార్య నిలబడి ఉండడం ఆయన చూడడం అదే మొదలు. జయరామయ్య తిరిగి వచ్చి పెట్టెకు తాడు బిగించాడు.

ఓడలో ఆయన నడిమధ్య కూర్చుని, నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూసిన కళ్ళకు పొదుగు కనిపించింది. చెంచులక్ష్మి ఓడ అంచున కమ్మీ పట్టుకుని సిలోను వచ్చేదాకా సముద్రాన్నే చూస్తూ నిలబడింది. ఆమెకు ఏమీ కాలేదు.

కొలంబోలో ఇందిరమ్మ ఇల్లు రెండు గదులు. కోకను జయరామయ్య మంచం కింద ఒక పూట, పెట్టె వెనక ఒక పూట, తలుపు మూల ఒక పూట దాచాడు. ఎక్కడ దాచినా అది తన ఉనికిని చాటుకుంటూనే ఉంది. పిచ్చమ్మకు తంతి కొడదామనుకున్నాడు. ఇందుకూరుపేటలో తంతి వచ్చిందంటే ఎవరో పోయినట్టే. విప్పక ముందే ఏడుపులు మొదలవుతాయి. విప్పినా అందులో ఏముంటుంది? ఇంకో కోక కట్టుకోమనా? ఆ ఇంకో కోకలు ఇంట్లో ఉన్నాయి, ఇంటికి మూడు తాళాలున్నాయి, తాళంచెవులు ఆయన మొలకున్నాయి.

ఒక మధ్యాహ్నం ఇందిరమ్మ ముక్కు ఎగబీల్చింది. "అక్కా, ఏందో పేడవాసనొస్తా వుండాది."

చెంచులక్ష్మి తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. "నా చేతులేనేమోమే. ఇన్నేండ్ల వాసన, సముద్రం దాటితే మాత్రం యాడికి పోద్ది?" అని పెరట్లోకి పోయి, చెల్లెలి వాసన సబ్బుతో మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుంది. పూటకోసారి కడుక్కోసాగింది. జయరామయ్య ఆ నీళ్ళ చప్పుడు వింటూ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఊళ్ళో బర్రెపెరుగు మట్టిముంతల్లో అమ్ముతారు. బెల్లప్పాకం లాంటిది పోసుకుని తింటారు. ఒక సాయంత్రం ఇందిరమ్మ ఆ ముంత ముందు పెట్టింది. చెంచులక్ష్మి గరిటెతో తీసి, వంచి చూసి, తీర్పు చెప్పింది.

"బాగుంది గానీ మన బర్రె పెరుగంత చిక్కన లేదు. ఈ పాటికి పిచ్చమ్మ పితకతా వుంటాది గదా?"

జయరామయ్య తింటున్న పెరుగు పక్కన పెట్టాడు.

"మే, కోక ఈడే వుండాది."

"యే కోక?"

ఆయన తలుపు మూలనుంచి తీసి చూపించాడు. ఇందిరమ్మ ముక్కు మూసుకుంది. చెంచులక్ష్మి కోకను కాదు, మొగుణ్ణి చూసింది.

"యెప్పట్నించి తెలుసు?"

"ధనుష్కోటి కాడ. పెట్టె తెరిచినప్పుడు."

"తెలిసీ ఓడెక్కించినావా?"

"చెప్తే నువ్వెక్కవు గదమ్మే!"

ఆయన తాడు ఎక్కడుందో కళ్ళతోనే వెతుక్కున్నాడు. ఇక పెట్టె కట్టడమే. చెంచులక్ష్మి ముంతను దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడు బయల్దేరినా ఆడ కావాల్సింది అయ్యే వుంటాది. ఏనుగుల్ని చూపిస్తానని ఇందిర చెప్పింది. చూసే వస్తాను."

మిగిలిన పెరుగంతా ఆమే తినేసింది. మొగుడితో మాత్రం మాట్లాడలేదు.

ఏనుగులు ఏట్లో పక్కకు ఒరిగి పడుకుంటే మావటివాళ్ళు టెంకాయ పీచుతో వీపులు తోముతున్నారు. ఇందిరమ్మ నవ్వింది, చుట్టూ చేరిన పిల్లలు కేకలేశారు. చెంచులక్ష్మి గట్టు మీద నిలబడి చూసి చూసి, చెల్లెలి చేత ఒక మావటిని అడిగించింది: నువ్వు ఊరికి పోతే దీన్ని ఎవరు తోముతారు? ఇంకెవరు తోమినా లేవదని ఆయన గర్వంగా చెప్పాడు. ఆ మాట విన్నాక ఆమె ఏనుగును చూడలేకపోయింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరి మధ్యా పెట్టె ఉంది. ఇందుకూరుపేటలో బస్సు దిగగానే చెంచులక్ష్మి నడక పరుగైంది. జయరామయ్య పెట్టెతో వెనకబడి, మొల తడుముకుంటూ వీధి మలుపు తిరిగి, ఇంటిని చూసి నిలబడిపోయాడు. వీధితాళాలు రెండూ భద్రంగా ఉన్నాయి. పక్కసందులోంచి పెరటివైపు పోయి చూస్తే అక్కడ తాళం లేదు, తలుపుకు గొళ్ళెమే లేదు. తలుపు బార్లా తీసి ఉంది. పెరట్లో, మండుటెండలో, తల మీదినుంచి కాళ్ళదాకా బొంత కప్పుకుని, ఎవరో బర్రె కింద కూర్చుని ఉన్నారు. చెంబులో ధారలు చుంయిమంటున్నాయి.

"పిచ్చమ్మా!" అంది చెంచులక్ష్మి.

బొంతలోంచి పిచ్చమ్మ మొహం బయటికి వచ్చింది, చెమటతో నిగనిగలాడుతూ.

"వొచ్చినారా తల్లీ! ఆ కోక కోసం మంచం కింద చూసినా, గడ్డివామిలో చూసినా, బాయిలో గూడా తొంగి చూసినా. మొదటిపూటే చెంబు సొట్టబొయ్యేటట్టు తన్నింది. మర్నాటికి దాని అరుపులు వినలేక మా ఆయన గునపం తెచ్చి తలుపు పెరికినాడు. లోపలికిబోతే వొక్క మాసిన కోక లేదే! అన్నీ వుతికి పెట్టెలో బెట్టి పోతివి. దండెం మీద ఈ బొంత కనిపించింది. నీ పాతకోకల్తో కుట్టిందే గదాని కప్పుకుంటే, మహాతల్లి చేపింది."

"ఆ బొంత ఇద్దరం కప్పుకునేది" అన్నాడు జయరామయ్య, అనాలోచితంగా.

"అందుకేనా బావా, బర్రె మధ్యమధ్యలో వుండుండి దిగులుగా చూసేది!" అంది పిచ్చమ్మ.

చెంచులక్ష్మి నవ్వలేదు. వంగి పొదుగు నాలుగువైపులా తడిమింది. మెత్తగా ఉంది. మళ్ళీ తడిమింది. అప్పుడు అక్కడే కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని, ఏడుస్తోందో ఊపిరి పీల్చుకుంటోందో తెలియకుండా అలాగే ఉండిపోయింది. తర్వాత చెంబు అందుకుని చనుకట్టు మీద చెయ్యి వేసింది. బర్రె మెడ తిప్పి ఆమె చేతులు వాసన చూసింది. కొలంబో సబ్బు దానికి నచ్చలేదు. కాలు జాడించి పక్కకు జరిగింది.

"ఇది కప్పుకో అక్కా" అని పిచ్చమ్మ బొంత తీసి ఇచ్చింది.

తన బర్రెను పితుక్కోవడానికి చెంచులక్ష్మి తన బొంత కప్పుకుని కూర్చుంది. కొంచెంసేపటికి ధారలు మొదలయ్యాయి.

"సిలోను ఎట్టుండాది అక్కా?" అంది పిచ్చమ్మ విసురుకుంటూ.

"బాగుండాది. ఏనుగులు ఏట్లో పడుకుంటాయి, మనుషులు వీపులు తోముతారు." బొంతలోంచి మాట మందంగా వస్తోంది. "ఇందిర మల్లా రమ్మనింది. ఈసారి నెలరోజులుంటా."

"పో అక్కా. బొంత వుండాది గదా."

పెరటిగడప దగ్గర విరిగిన గొళ్ళెం చేతిలో పట్టుకుని నిలబడ్డ జయరామయ్య, ఎప్పుడని అడగబోయి ఆగాడు. ఆమె ఆయనతో ఇంకా మాట్లాడడం లేదు.

"వడ్రంగిని పిలవబాకు" అంది చెంచులక్ష్మి, తల తిప్పకుండా. "ఆ తలుపట్టా వుండనీ."

ఆ రాత్రి ఆయన తీసి ఉన్న తలుపువైపు కాళ్ళు చాపి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. అయినా, ఆమె మాట్లాడిందిగదా అనుకున్నాడు.