తూకం రోజు

స్వచ్ఛంద రక్షణ దళంలో టైలరు మాస్టారంటే అందరికీ సరదా. జీతం బత్తెం లేని కొలువు కోసం అన్ని తంటాలు పడేవారు మరొకరు లేరు. మూడు నెలలకోసారి తూకం వేస్తారు. ఎనభై కిలోలు దాటితే యూనిఫాం విప్పి అప్పగించాల్సిందే. తూకానికి రెండు రోజుల ముందు నుంచీ ఆయన మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగేవారు. వాచీ, ఉంగరం, చివరికి కళ్లజోడు కూడా తీసి పక్కవాడి చేతిలో పెట్టి, ఊపిరి బిగబట్టి మిషనెక్కేవారు. పదేళ్లుగా అదే వరస.

ఈసారి కడుపునిండా తిని, కళ్లజోడుతోనే ఎక్కారు. ముల్లు డెబ్బై ఒకటి దగ్గర ఆగింది.

"ఏం మానేశారు మాస్టారూ? మాకూ చెప్పండి!" అన్నారు వరసలోని వాళ్లు.

"ఏమీ మానలేదోయ్! ఈ ప్యాంటు నడుము మూడుసార్లు బిగించి కుట్టుకున్నా, మళ్లీ వదులే," అంటూ పిడికెడు గుడ్డ పట్టి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రిజిస్టరు రాసే నర్సు మాత్రం వెనక పేజీలు తిప్పింది. ఎనభై. డెబ్బై ఆరు. ఇప్పుడిది.

"దాహం ఎక్కువగా వేస్తోందా బాబాయ్?"

"భలే కనిపెట్టావమ్మా! ఎంత తాగినా తీరడం లేదు."

ఆమె కలం ఆగింది. బరువు పెరిగినవాళ్ల గురించి రాయడానికి రిజిస్టరులో ఎర్ర గడి ఉంది. తగ్గినవాళ్లకు ఏ గడీ లేదు.

"అర్హుడని రాసెయ్యమ్మా, లైను ఆగిపోయింది," అన్నాడు దళనాయకుడు.

ఆమె రాసింది. తలెత్తి చూసేసరికి మాస్టారు కూజా దగ్గర రెండో గ్లాసు నింపుకుంటున్నారు.