చెయ్యెత్తని రాత

మా మాస్టారు ప్రభువునందు నిద్రించారని మంగళవారం పొద్దున రేపల్లె నుంచి ఫోనొచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను.

మా సంఘంలో ఎవరు పోయినా సమాధి దగ్గర పాతే కొయ్య సిలువ మీద పేరు చేత్తోనే రాస్తారు. అదీ గొలుసుకట్టులో, అక్షరానికి అక్షరం కలిపి. ఇన్నేళ్లూ ఆ పేర్లన్నీ రాసింది మాస్టారే. బళ్లో మాకూ ఆ రాత నేర్పారు. “చెయ్యెత్తకురా! ఎత్తావంటే ఆ సందులోంచి భయం దూరుద్ది” అనేవారు. బాగా రాసినవాడి వీపు మీద సుద్దచేత్తో తట్టేవారు. ఆ తెల్లమచ్చ దులపకుండా ఇంటిదాకా మోసుకెళ్లేవాణ్ణి.

ఫోన్లో మాట్లాడింది మాస్టారి భార్య, మా అందరికీ అమ్మగారు.

“ఫ్లెక్సీ వాళ్లు అచ్చేసి ఇస్తామంటున్నారు నాయనా. నాకిష్టం లేదు. నువ్వొచ్చి రాయి.”

“రాయడం మానేసి ఏళ్లయిందండి.”

“అందరూ అదే అంటున్నారు. నువ్వన్నా రా.”

తెనాలిలో నా ఉద్యోగమంతా కంప్యూటరు మీదే. సంతకానికి తప్ప పెన్ను ముట్టను. రేపల్లె రైల్లో తొడ మీద వేలితో ఆయన పేరు రాసుకుంటూ వెళ్లాను. ఒక్కసారీ కుదరలేదు. ఆయన పేరే నా చేతిలో పాడైతే, ఇక దిద్దేవాళ్లెవరు?

మాస్టారింటి వరండాలో తెల్లరంగు వేసిన సిలువ, నల్లరంగు డబ్బా, ఆయన బ్రష్షు ఉన్నాయి. నాతో చదివి, ఇప్పుడు బాపట్లలో టీచరుగా ఉన్నవాడి వైపు బ్రష్షు చాపాను.

“నావల్ల కాదు బావా. బోర్డు మీద రాయడమే పోయింది, అంతా స్క్రీనేగా” అని వెనక్కి జరిగాడు.

ఓరి దేవుడా అనుకుని మొదలుపెట్టాను. ఇంటిపేరు ఒక్క ఊపున దాటింది. పేరు మధ్యలో చెయ్యి లేచింది. వెంటనే ఆనించాను గానీ గొలుసు తెగింది.

అమ్మగారు వచ్చి కూర్చున్నారు. తడి అక్షరాలకు తగలకుండా పైపైన వేలు నడిపిస్తూ, తెగిన చోట ఆగారు.

“ఇక్కడ ఎత్తావు కదూ?”

“ఎత్తానమ్మా. భయమేసింది.”

“సర్లే. నాది రాసేనాటికన్నా కుదరాలి మరి.”

బ్రష్షు కడిగి పక్కన పెట్టాను.

సాయంత్రం సమాధుల తోటలో, ఆయన రాసిన సిలువల పక్కనే ఆయన సిలువ పాతాం. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. ఆ పేరు మధ్యలో, చెయ్యి లేచిన చోట, సందు తెల్లగా కనిపిస్తూనే ఉంది.