గుక్క తిప్పుకునే చోటు

“ఈసారి గుక్క తిరక్కపోతే ఏం చేస్తాం సుధా?”

పవన్ కుమార్ తన భార్యను ఈ మాట అడగని రోజు లేదు. వాళ్ల పాపకు రెండేళ్లు. కింద పడినా, చేతిలోది ఎవరైనా లాక్కున్నా గుక్కపెట్టి ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబడుతుంది. పెదవులు నీలంగా మారతాయి. కాసేపటికి తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. ఈ వయసులో కొందరు పిల్లలకు ఇది మామూలేననీ, పెరిగేకొద్దీ పోతుందనీ, కంగారుపడి కుదపొద్దనీ డాక్టరు పరీక్షలన్నీ చేసి మరీ చెప్పాడు. మైక్రోబయాలజీ చదివి, హిందూపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే పవన్‌కు ఆ మాట అర్థమైంది. అతని చేతులకే అర్థం కాలేదు. పాప నోరు తెరిస్తే చాలు, పరుగున వెళ్లి ఎత్తుకుని ఊపేసేవాడు. ఆ హడావిడికి పాప ఇంకా బెదిరేది.

ఎంత అలిగినా పాప త్వరగా సర్దుకునే చోటు ఒకటుంది. పై వాటాలో ఉండే రామలక్ష్మమ్మ కీబోర్డు పక్కన.

రామలక్ష్మమ్మ పుట్టిల్లు ధర్మవరం. చిన్నప్పటి నుంచీ పట్టుచీరలు నేస్తూ, మగ్గం చప్పుడును మించి పాడేది. పెళ్లయి పెనుకొండకు వచ్చాక కూడా నేసింది. నడుం మొరాయించాక మగ్గం దిగి, హిందూపురం ఆర్కెస్ట్రాలో పాడడానికి కుదిరింది. అక్కడ కీబోర్డు వాయించే గంగాధర ఆమె గొంతుకంటే ముందు పరుగెత్తేవాడు.

“రవంత నిలబడప్పా! మనిషి ఊపిరి తీసుకోవద్దా?” అని కసిరిందట ఒకసారి.

“అంత కష్టంగా ఉంటే నువ్వే వాయించుకో అక్కా,” అని అతను నవ్వాడట.

ఆమె వదల్లేదు. నలభై దాటిన వయసులో అతని దగ్గరే కూర్చుని నేర్చుకుంది. పాడితే చెయ్యి నిలిచిపోయేది, వాయిస్తే పాట మరిచిపోయేది. మొదటిసారి ఒంటరిగా పాడింది ముదిగుబ్బలో, బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకలో. జోలపాటకు రిథమ్ బటన్ నొక్కింది గానీ, దాన్ని ఆపే బటన్ మాత్రం దొరకలేదు.

“పాటైపోయినా దరువు నిలవలే. ఆడోళ్లు చప్పట్లు కొడతాండారు, ఉయ్యాల్లో పిల్లోడు లేచి ఏడుస్తాండాడు, నేను పల్లవే తిప్పి తిప్పి పాడతాండా! కడాకు ఎవరో పుణ్యాత్ముడు ప్లగ్గు పీకినాడు,” అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ తర్వాత ఆమె ఆ బటన్ జోలికి పోలేదు. గొంతుకు ఊపిరి కావలసిన చోట చెయ్యి కూడా ఎత్తడం అలవాటు చేసుకుంది. అప్పుడు గొంతూ చెయ్యీ కలిశాయి. ఇప్పుడు హిందూపురం నుంచి ధర్మవరం దాకా సీమంతాలకూ నామకరణాలకూ ఆమెనే పిలుస్తారు.

“నాక్కూడా ఒక్క జోలపాట నేర్పక్కా. నేను పాడినా పాప ఊరుకుంటుందేమో,” అని పవన్ ఒక ఆదివారం అడిగాడు.

అతను శ్రద్ధగానే నేర్చుకున్నాడు. స్వరాలు కాగితం ముక్కల మీద రాసి కీల మీద అతికించాడు. విడిగా పాడితే బాగానే వచ్చేది, విడిగా వాయించినా వచ్చేది. రెండూ కలిపితే మాత్రం రెండో వరుసకల్లా ముఖం ఎర్రబడి గొంతు తెగిపోయేది.

“ఏమప్పా, మీ ఇంట్లో గుక్కపట్టేది పాపొక్కతే అనుకొంటి. నువ్వూ అదే పని చేస్తాండావే!” అంది రామలక్ష్మమ్మ.

“నేనా?”

“ఇంకెవరు? వేళ్లను చూసుకుంటా ఊపిరే మర్చిపోతాండావు. మళ్లా వాయించు, నీకే తెలుస్తాది.”

వాయించి చూశాడు. నిజమే. తర్వాతి కీ కోసం వెతికినంతసేపూ రొమ్ము బిగుసుకుపోతోంది. పాప ఏడ్చినప్పుడూ తను ఇలాగే బిగుసుకుపోతున్నాడని అప్పుడు తట్టింది.

ఆ మాటల్లో ఉండగానే, గుమ్మం దగ్గర ఆడుకుంటున్న పాప బోర్లా పడింది. ఒక్క కేక వేసి ఊపిరి బిగబట్టింది. పవన్ దిగ్గున లేచాడు. రామలక్ష్మమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నెమ్మదిగా ఏదో చెప్పింది. అతను ఆగాడు. తర్వాత పాప పక్కన కూర్చుని, మెల్లగా పక్కకు ఒత్తిగిల్లబెట్టి, వీపు మీద అరచెయ్యి ఆనించాడు. ఊపలేదు, అరవలేదు. పెదవులు నీలమయ్యాయి. ఆ కొద్దిసేపే అతనికి ఎంతో పొడుగ్గా తోచింది. అంతలో పాప గుక్క తిప్పుకుని బిగ్గరగా ఏడ్చింది. ఏడుపు ఇంత చల్లగా వినిపిస్తుందని అతనికి అంతకుముందు తెలియదు. జోలపాట అందుకున్నాడు. పాప ఏడుపు ఆపి, వింతగా అతని నోటికేసి చూసింది.

“నీ మేలు మరువలేనక్కా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“నాదేముండాది? ముందు ఆ కాగితాలు పీకు, నా కీబోర్డంతా జిగురు చేసినావు!”

పాపకు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుక్క పడుతుంది. పవన్ జోలపాటలో ఇప్పటికీ వేళ్లు తప్పుతాయి. కానీ కీబోర్డు ముట్టుకునేటప్పుడైనా, పాపను ఎత్తుకునేటప్పుడైనా, ఆ రోజు రామలక్ష్మమ్మ చెవిలో చెప్పిన మాట ప్రకారమే నడుచుకుంటున్నాడు:

“ముందు నువ్వు ఊపిరి తీసుకో నాయనా. ఆ తర్వాతే చెయ్యి పెట్టు.”