అద్దెలో ఆమె సగం

మా మేడ మీద రెండు గదుల వాటాకు అద్దె ఆరు వేలు. ప్రతి నెలా ఒకటో తారీఖున అది నా ఫోనుకు రెండు ముక్కలుగా వచ్చేది. ముందు అతని దగ్గర నుంచి మూడు వేలు, వెనకే ఆమె దగ్గర నుంచి మూడు వేలు. నరసరావుపేటలో ఇరవై రెండేళ్లుగా ఇల్లు అద్దెకిస్తున్నాను. సగాలుగా అద్దె కట్టే మొగుడూ పెళ్లాలను అంతకు ముందు చూడలేదు.

పెళ్లయిన వారానికి వచ్చి దిగారు. సాయిబుల పిల్లలు. అతను పిడుగురాళ్ల రోడ్డులో, సున్నపురాయి లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. ఆమె మందుల షాపులో బిల్లులు కొట్టేది, జీతం పదకొండు వేలు. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన రోజునే ఆ సంగతి తేల్చి చెప్పింది.

"మామ్మా, అద్దె సగం ఆయనిస్తాడు, సగం నేనిస్తా. పెళ్లికి ముందే అనుకున్న మాట."

"ఎవరిస్తేనేం, ఒక ఇంటి సొమ్మేగా," అన్నాను.

"అట్లా కాదు. సగం కడితే సగం ఇల్లు నాది. ఈయన ఫ్రెండ్సు అర్ధరాత్రి దాకా కూర్చుంటే లేచి పొమ్మనొచ్చు."

అతను వెనక నిలబడి నవ్వాడు. "చూశారా మామ్మా, ఇంకా ఇంట్లోకి దిగలా, అప్పుడే గెంటుడు మొదలు."

నేను సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. తాలూకాలో ఎవరి బిల్లు ఎక్కడ ఆగిందో కాగితం చూడకుండా చెప్పగలిగేదాన్ని. నా జీతం మాత్రం ఒకటో తారీఖు సాయంత్రానికి మా అత్తగారి చేతిలో ఉండేది, ఆవిడ పోయాక మా ఆయన చేతిలో. అందులో ఇది నాది అని నేను విడిగా అనుకున్న రూపాయి లేదు. బాధపడి రాయడం లేదు, అప్పట్లో అది తోచలేదు. అందుకే ఈ పిల్ల సగం మీద నాకు అంత ఆసక్తి పుట్టింది.

పంతొమ్మిది నెలలు అలాగే నడిచింది. ఆమెకు ఎనిమిదో నెల వచ్చాక, రోజంతా నిలబడే ఉద్యోగం చెయ్యలేక మానేసింది. ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. జీతంలో దాచుకున్నదంతా ఆస్పత్రికి కట్టేశానని ఆమే చెప్పింది. ఇక అద్దె మొత్తం ఒక ఫోను నుంచే వస్తుందనుకున్నాను. ఒకటో తారీఖున అతని మూడు వేలు వచ్చాయి. నేను కాఫీ తాగేలోపు ఆమె మూడు వేలూ వచ్చాయి. ఆ తరువాతి నెలా అంతే.

ఎక్కడివి? ఇది నా బుర్రలో దూరి కూర్చుంది. గాజులు అమ్ముకుందా అంటే చేతికే ఉన్నాయి. తల్లి పంపుతుందా అంటే, ఆవిడ మాచర్లలో మిరపకాయ కోతలకు కూలికి పోయే మనిషి. కుట్టుపని పెట్టుకుందేమోనని పైకి చెవి వేసి విన్నాను. మిషను చప్పుడు లేదు. ఫోనులో అప్పులిచ్చేవాళ్ల చేతిలో పడిందేమోనని భయం వేసింది గానీ, వసూలుకని గడప తొక్కినవాడు లేడు.

చివరికి ఒక రోజు, బిడ్డకు నూనె రాయించుకోవడానికి ఆమె కిందికి వచ్చినప్పుడు అడిగేశాను.

"నీ సగం ఎక్కడి నుంచి తెస్తున్నావే?"

"మెహర్ మామ్మా."

ఆ మాట విని ఉన్నాను గానీ, లెక్క ఎప్పుడూ తెలుసుకోలేదు. ఆమె చెప్పింది. నిఖాలో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇంత ఇస్తానని ఒప్పుకునే సొమ్ము అది. పూర్తిగా ఆమెదే.

"మా వీధిలో చానామందికి అది కాగితం మీదే ఉంటది. తర్వాత మాఫ్ చేశాం, వదిలేశాం అంటారు. మా నాన్న మంచాన పడ్డప్పుడు మా అమ్మ కూడా మాఫ్ చేసింది. నాకు లక్షా ఎనిమిది వేలు రాశారు. ఒకేసారి ఈయన కాడ ఏడున్నయ్? నెలకు మూడు వేల లెక్కన మూడేళ్లలో తీరుస్తానన్నాడు. ఒక్క నెల తప్పలా."

నేను బిడ్డ కాలు వదిలేసి లెక్క చూశాను. జీతం వచ్చినన్నాళ్లూ ఆ మూడు వేలు దాచుకుంది. జీతం ఆగిన నెల నుంచీ అవే మూడు వేలు నాకు పంపుతోంది.

"అతను నీ బాకీ తీరుస్తున్నాడు. నువ్వు దాన్ని తెచ్చి మళ్లీ అతని ఇంటికే కడుతున్నావు. నీకేం మిగిలింది?"

"ఇల్లు చూడటం మగోడి పూచీ అనే మా పెద్దోళ్లు కూడా అంటారు. కానీ సగం నాదని అన్నది నేనే గదా మామ్మా."

"అతనికి తెలుసా?"

"ఆయన అడగలా. నేను చెప్పలా."

ఆ తరువాత కొన్ని నెలలకు, పిడుగురాళ్లలో హైవే పక్కన ఒక షెడ్డు ఖాళీ అయింది. పద్నాలుగో ఏట నుంచి పరాయి షెడ్డుల్లో లారీల కింద పడుకుని పనిచేసినవాడు అతను. సొంత షెడ్డు ఒక్కటే అతని కోరిక. షెడ్డు యజమాని తొంబై వేలు అడ్వాన్సు అడిగాడు. శుక్రవారం లోపల తేకపోతే టైర్ల వ్యాపారికి ఇచ్చేస్తానన్నాడు.

మంగళవారం సాయంత్రం మేడమెట్ల మీద గొడవ వినిపించింది. కోపం ఉర్దూలో మొదలై, లెక్కల దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగింది. ఇద్దరూ చదివింది తెలుగు బడిలోనే.

"ముప్పై నెలలిచ్చా. తొంబై వేలు ఉండాల గదా నీ కాడ. అప్పుగానే గదే అడుగుతుంది?"

"యాభై ఏడే ఉన్నయ్."

"మిగతా ముప్పై మూడు ఏమైనయ్?"

"మామ్మనడుగు. ఆమెకే ఇచ్చా."

అతను కిందికి దిగి వచ్చి నా మొహం చూశాడు. ఆ చూపుకి నేనే దొంగతనం చేశానేమో అనిపించింది.

"పదకొండు నెలల అద్దె నాయనా, ఆమె సగం," అన్నాను.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. "మెహర్ తెచ్చి అద్దె కట్టావా? నాకెందుకు చెప్పలా?"

"నువ్వెందుకడగలా? జీతం లేని మనిషికి నెలకు మూడు వేలు ఏ చెట్టుకు కాస్తున్నయ్యనుకున్నావు?"

"షాపు జీతం మిగిలిందేమో అనుకున్నా."

"అది ఆస్పత్రి కౌంటర్లో కట్టొచ్చింది నువ్వే!"

అతను ఫోను తీసి ఏదో కూడాడు, మళ్లీ చెరిపాడు. "నీ జీతం ఆగిన నెలే నీ సగం కూడా ఆగాల. నేను చూసుకోలా. ఆ ముప్పై మూడు నేను మళ్లీ ఇయ్యాల."

"మళ్లీ ఇచ్చేదేంది? నువ్వు ఇచ్చావు, నేను ఖర్చుపెట్టుకున్నా. నా మాట నేను నిలబెట్టుకున్నా."

ఒకరు ఇస్తాననీ, ఒకరు వద్దనీ తగువు పడటం నా ట్రెజరీ సర్వీసులో చూడలేదు. ఎవరు నెగ్గుతారో చూద్దామని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఆ ముప్పై మూడు వేలు వెనక్కి ఇస్తానని నేను అనలేదు. వాళ్లూ అడగలేదు. అద్దె అద్దే.

ఎవరూ నెగ్గలేదు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని, ఆమె అసలు సంగతికి వచ్చింది.

"యాభై ఏడూ ఇస్తా. అప్పుగానే. కానీ షెడ్డు కాగితం నా పేరున ఉండాల. నా మెహర్ నెల నెలా రావాల్సిందే, ఆపడానికి లేదు. ఈ నెల నుంచి అద్దె మొత్తం నువ్వే."

"లారీ షెడ్డు ఆడమనిషి పేరునా? రోడ్డంతా నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వేటోళ్లనే అడ్వాన్సు కట్టమను."

మర్నాడు అతను వెళ్లి యజమాని కాళ్లావేళ్లా పడ్డాడు. మిగిలిన ముప్పై మూడు వేలు మూడు నెలల్లో కట్టేటట్టు ఆయన ఒప్పుకున్నాడట. కాగితం ఎవరి పేరున అన్నది మాత్రం ఇతను అక్కడ నోరు విప్పి చెప్పలేదు.

శుక్రవారం పొద్దున బిడ్డతో సహా నలుగురం పిడుగురాళ్ల బస్సెక్కాం. సాక్షి సంతకానికి నన్ను రమ్మన్నారు. యజమాని బల్ల మీద సున్నపు దుమ్ము. ఆమె దాన్ని తుడిచి, కాగితం పరిచి, తన పేరు చెప్పింది. ఆయన కళ్లజోడు పైకెత్తాడు.

"ఏందమ్మా, ఆటలా? రేపు ఇక్కడ స్పానరు పట్టేదెవరు?"

"ఆయనే."

"మరి కాగితం నీ పేరునెందుకు?"

"డబ్బు నాది కాబట్టి."

యజమాని అతని వైపు తిరిగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. బయట ఆగిన లారీ వైపు ఒకసారి చూసి, "ఆమెదే అన్నా. రాయండి," అన్నాడు. నేను సంతకం పెట్టి కింద తారీఖు వేశాను.

అతను షెడ్డు శుభ్రం చేసుకోవడానికి ఆగిపోయాడు. తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని, నోరు ఆగక అడిగాను.

"షెడ్డు నడవకపోతే?"

"నడవకపోతే ఆయన నాకు యాభై ఏడు బాకీ మామ్మా. మెహర్లో ఇంకా పద్దెనిమిది రావాల. మొత్తం డెబ్బై ఐదు." నేను మనసులో కూడేలోపే చెప్పేసింది.

"మరి అద్దెకు కట్టిన ఆ ముప్పై మూడు?"

ఆమె నిద్రపోతున్న బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"అది ఇంకా తేలలా. ఆయన ఇస్తానంటాడు, నేనొద్దంటా. ఈ నెలంతా కొట్టుకుంటాం మామ్మా, నీకు వినపడతదిలే."