సిస్టర్ గారూ, మా ఉప్పునీటి అక్వేరియమూ

నిన్న కైకలూరు దాటాక రోడ్డు పక్కన రొయ్యల చెరువులో ఎవరో సున్నం జల్లుతున్నారు. గాలి ఇటు తిరిగి ఆ ఘాటు ముక్కుకు తగలగానే బండి పక్కకు ఆపేశాను. చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, సున్నం వాసన నాకు కొత్త కాదు. అయినా ఒక్కోసారి ఇలా అవుతుంది. ఏలూరులో మేం అద్దెకున్న మేడమీది వాటా, కిటికీ కింద మంచం, దాని మీద కదలకుండా పడుకున్న నా భార్య సునీత, ఎదురుగా నీలం లైటులో వెలిగే అక్వేరియం, దాని ముందు స్టూలు మీద కూర్చుని సిరంజిలోకి సున్నపు ముద్ద ఎక్కిస్తున్న సిస్టర్ గారు, అన్నీ కళ్లముందుకొచ్చేస్తాయి.

సిస్టర్ గారు మా ఇంటి ఓనరు. పేరు గ్రేసమ్మ. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. పొట్టి మనిషి. చేతి గడియారం నర్సులకు అలవాటైనట్టు మణికట్టు లోపలివైపుకే పెట్టుకునేవారు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ సిస్టర్ గారే. నాకు తల్లిదండ్రుల తర్వాత అంత నేర్పిన మనిషి ఇంకొకరు లేరు. నేర్పుతున్నట్టు మాత్రం ఆవిడ ఎప్పుడూ కనిపించలేదు.

ఆ ఇంట్లో దిగేటప్పటికి సునీతకు రెండుసార్లు గర్భం నిలవలేదు. మూడోసారి డాక్టరుగారు గర్భసంచి నోటికి కుట్టువేసి, మంచం దిగొద్దన్నారు. సునీతకు తల్లి లేదు. పెదపాడులో మా నాన్న మంచానపడి ఉండడంతో అమ్మ కదలలేని పరిస్థితి. పగలంతా గోడ చూస్తూ పడుకోవలసిన మనిషికి తోడుగా ఉంటుందని నా అక్వేరియాన్ని హాల్లోంచి పడగ్గదిలోకి మార్చాను. అది సముద్రపు అక్వేరియం. ఉప్పు కలిపిన నీళ్లు, చెన్నై నుంచి తెప్పించిన రాళ్లు, రాళ్ల మీద బతికే పగడాలు, నారింజ రంగు చేపల జంట ఒకటి. సునీత ఆ చేపల్ని చూస్తూ మధ్యాహ్నాలు గడిపేది.

ఆ రాళ్లతో పాటే వచ్చింది పీడ. ఓ రోజు రాతి సందులో గోధుమరంగు పువ్వులాంటిది ఒకటి కనిపించింది. పువ్వు కాదు, జంతువే. ఎనిమోన్ అంటారు. వాటిలో అందమైనవీ ఉన్నాయిగానీ ఇది మాత్రం వరిచేలో కలుపులాంటిది. తన సన్నని చేతులతో పక్కనున్న పగడాల్ని కాల్చి ఆ చోటు తను ఆక్రమిస్తుంది. కత్తితో గీకి పారేశాను. కొన్నాళ్లకు అక్కడే పిల్లలు లేచాయి. మళ్లీ గీకాను. ఇంకా లేచాయి. ముక్క మిగిలితే చాలు, ఆ ముక్కే కొత్త జంతువవుతుందని నాకు అప్పటికి తెలియదు. ల్యాబ్‌లో రైతుకు రిపోర్టు రాస్తున్నా మనసులో అవే కదిలేవి. ఇంటికొస్తూనే సునీత ముఖంలో రంగు చూసేవాణ్ణి, వెంటనే తొట్టి వైపు తిరిగేవాణ్ణి. ఆమె బాత్రూమ్‌కి వెళితే తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. తను బయటికొచ్చి "ఏం లేదు" అనగానే మళ్లీ కత్తి పట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం సిస్టర్ గారు చర్చి నుంచి వచ్చి, పులుసు గిన్నెతో మేడెక్కారు. నేను మోచేతిదాకా నీళ్లలో చెయ్యిపెట్టి ఉన్నాను. నీళ్లు బురదగా ఉన్నాయి. పగడాలన్నీ ముడుచుకుపోయాయి. సునీత గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏవండీ బాబూ, ఎంతసేపయిందండీ అందులో చెయ్యిపెట్టి?"

"పెరిగిపోతున్నాయండీ. వదిలేస్తే ఒక్క పగడం కూడా మిగలదండీ."

"పెరిగితే పెరిగాయండీ. ఆ అమ్మాయి పొద్దుట్నుంచి ఏం తింది?"

నేను చెయ్యి నీళ్లలోంచి తీశాను. ఆవిడే సునీతకు దిండ్లు సర్ది, అన్నం కలిపి తినిపించారు. వెళ్లేటప్పుడు నన్ను మెట్ల దాకా రమ్మని గొంతు తగ్గించి అన్నారు. "మా వార్డు బయట మీలాంటి మగాళ్లని చాలామందిని చూశానండీ. లోపల పెళ్లాం నొప్పులు పడుతుంటే, బయట తిరగని ఫ్యాను బాగుచేస్తా కూర్చునేవారు. తప్పనట్లేదు. చేతికి ఏదో ఒక పని కావాలి. కానీ ఆ పిల్లకి ఇప్పుడు మీ వీపే కనిపిస్తందండీ."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రాత్రంతా ఉండి, తెల్లారేసరికి సిగ్గుగా మారింది.

అలాగని తొట్టిని వదిలెయ్యమని ఆవిడ అనలేదు. చిక్కటి సున్నపు ముద్దను సూదితో దాని నోట్లోకి ఎక్కిస్తే ఆ ఎనిమోన్ లోపల్నుంచి చస్తుందని చదివాను. ల్యాబ్‌లో వాడే శుభ్రమైన సున్నప్పొడి తెచ్చాను. తీరా చేసేటప్పుడు తొందరపడ్డాను. సూది తగలగానే అది చటుక్కున సందులోకి ముడుచుకుంది. "ఇలా ఇవ్వండి" అని సిస్టర్ గారు సిరంజి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, నీళ్లు తిప్పే మోటారు ఆపించి, నీళ్లు నిలిచేదాకా ఆగారు. అది మళ్లీ విచ్చుకుంది. "కదలకమ్మా, అయిపోయింది, అయిపోయింది" అంటూ, పిల్లకి సూదేసినట్టు మెల్లగా ఎక్కించేశారు. తెల్లటి సున్నం కింద అది కుంగిపోయింది. మంచం మీద సునీత పకాలున నవ్వింది. నెలల తర్వాత విన్న నవ్వు. వెంటనే భయపడి రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది. నేను ఆవిడ వైపు చూశాను. "నవ్వితే ఏం కాదమ్మా, నవ్వు" అన్నారు సిస్టర్ గారు.

సున్నం ఎక్కువైతే నీళ్లు చెడి చేపలు పోతాయి. అందుకని సాయంత్రానికి ఒకటి రెండే. ఇంకొకటి చేద్దామండీ అని నేను ఆశపడితే ఒప్పుకునేవారు కాదు. చేతులు కడుక్కుని, సునీత పొట్టమీద అరచెయ్యి పెట్టి కాసేపు చూసి, "ఇప్పుడు మీరు కూర్చోండి" అని కుర్చీ జరిపేవారు.

"నేనేం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యక్కర్లేదండీ. కూర్చోండి."

అదే నాకు అన్నిటికన్నా కష్టమైన పని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రెండోవారానికి సునీత తన చెయ్యి నా చేతిలో పెట్టి, తనకొచ్చే కలల గురించి చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ భయం కలలే. అంతకుముందు ఒక్కటీ నాకు చెప్పలేదు.

ఏడో నెల దాటాక, వర్షం పడుతున్న ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా ఫోనొచ్చింది. "బాబూ, అమ్మాయికి కొంచెం రక్తం కనిపించిందండీ. ఆసుపత్రికి తీసుకొచ్చేశాను. మీరు నేరుగా ఇక్కడికే రండి. రోడ్డు తడిగా ఉంది, బండి నెమ్మదిగా నడపండి." కైకలూరు నుంచి కొల్లేరు మీదుగా వస్తుంటే రెండువైపులా నీళ్లే. రొయ్యల లారీల వెనక ఇరుక్కుని, వానలో ఏడుస్తూ, ఎవరిని వేడుకుంటున్నానో తెలియకుండా వేడుకుంటూ వచ్చాను. ఆసుపత్రి బల్లమీద ఆవిడ సునీత చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. లోపల ఆపరేషన్ జరుగుతోంది.

"ఏం కాదు కదండీ?"

"తెలీదండీ" అన్నారు. అని, పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.

చాలామంది ఆ రోజు ఫోన్లో ఏం కాదు, ఏం కాదు అన్నారు. నన్ను నిలబెట్టింది మాత్రం ఆ 'తెలీదండీ'యే.

పాప అరచేతికన్నా కాస్త పెద్దదిగా పుట్టింది. గాజుపెట్టెలో వారాల తరబడి ఉంది. ఒకరోజు బరువు పెరిగేది, మర్నాడు తగ్గేది. ఆవిడ రోజూ భోజనం క్యారేజీతో వచ్చేవారు. చివరికి పాప దక్కింది. ఇంటికి తెచ్చేసరికి అక్వేరియంలో రెండు పగడాలు చచ్చిపోయి, రాళ్లనిండా ఎనిమోన్లు విచ్చుకుని ఉన్నాయి. నాకు ఆశ్చర్యంగా కోపం రాలేదు. మళ్లీ సాయంత్రానికి ఒకటి రెండు చొప్పున మొదలుపెట్టాం. పెద్ద పగడం నెమ్మదిగా కోలుకుంది. కలుపు తగ్గిందిగానీ పూర్తిగా ఎన్నడూ పోలేదు.

తర్వాత సిస్టర్ గారు చూపు మందగించి, తాడేపల్లిగూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. మేం ఆ ఇల్లు ఖాళీ చేసి దెందులూరు వచ్చేశాం. కిందటేడు పాపని తీసుకుని చూడ్డానికి వెళ్లాం. పాప ముఖాన్ని చేతులతో తడిమి చూసి, "బలే ఉందండీ, బుగ్గలొచ్చాయి" అని మురిసిపోయారు. మాటల్లో నేను అన్నాను. "మీరంటే మాకు ధైర్యమండీ. అసలు మీకు భయమనేదే తెలీదు."

ఆవిడ పాపని దగ్గరికి లాక్కున్నారు. తర్వాత నవ్వారు.

"భయం లేకపోవడమేంటండీ? నాకూ రెండు పోయాయి. ఎనిమిదో నెలలో ఒకటి, పుట్టాక ఒకటి. మీ మెట్లెక్కే ప్రతిసారీ సగంలో ఆగిపోయేదాన్ని, తలుపు తీసేసరికి ఏం చూడాలో అని."

సునీత ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మరి రోజూ ఎలా వచ్చేవారండీ?" అని అడిగింది.

"రాకపోతే ఇంకా భయమేసేదమ్మా" అన్నారు సిస్టర్ గారు.

ఈ వర్షాకాలం వెళ్లేటప్పటికి ఆవిడ లేరు. పాపకు ఒళ్లు వెచ్చబడితే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ధైర్యవంతుణ్ణి అవుతానన్న ఆశ వదిలేసుకున్నాను. మందు వేసి, తడిగుడ్డ నుదుట పరిచి, మంచం పక్కకు కుర్చీ లాక్కుని, భయపడుతూనే కూర్చుంటాను.