మావయ్య చేతిలో నాన్న భుజం

మా నాన్న గోడలకు రంగులు వేస్తాడు. నేనూ ఆయనతోనే పనిచేస్తాను. కింది గోడలు నావి, పైకప్పులు ఆయనవి. ఒకసారి నిచ్చెన మీద నుంచి పడి ఆయన కుడి భుజం కీలు తప్పింది. అప్పటి నుంచి చెయ్యి తలపైకి ఎత్తితే ఎప్పుడు జారుతుందో తెలియదు. జారినప్పుడల్లా మా మావయ్య దగ్గరికి పరుగు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, ఎముకల డాక్టరు. ఇంట్లోనే డాక్టరుంటే మనకేం లోటని అమ్మ మురిసిపోయేది.

మావయ్య ఒక్కోసారి ఒక్కోలా సరిచేసేవాడు. చంకలో మడమ తన్నిపట్టి చెయ్యి లాగడం ఒకటి. బోర్లా పడుకోబెట్టి, కిందికి వేలాడే చేతికి బరువు కట్టి, కండరాలు అలిసిపోయేదాకా ఆగడం ఇంకొకటి. మోచెయ్యి ఒంటికి ఆనించి, ముంజేతిని కొంచెం కొంచెంగా బయటికి తిప్పడం మూడోది.

నాన్న వాటికి మార్కులు కూడా వేశాడు.

"మొదటిది కొట్లాట. రెండోది బడిలో గోడకుర్చీ. మూడోది బుజ్జగింపు, ఎప్పుడు లోపలికెళ్ళిందో కూడా తెలీలేదు. ఇకమీదట అదే చెయ్యరా డాక్టరూ!"

"రంగులేసే నువ్వు నాకు వైద్యం నేర్పుతావా బావా?" అని మావయ్య నవ్వాడు. తరవాతిసారి మళ్ళీ మడమే పెట్టాడు. నాన్న అరిచిన అరుపు బయట బల్ల మీద కూర్చున్న నాకు వినపడింది. బుజ్జగిస్తే వచ్చేదానికి తన్నడమెందుకో నాకు బోధపడలేదు.

ఆపరేషన్ చేస్తే ఇక జారదట. నాన్న ఎప్పుడడిగినా "తొందరేముంది బావా, నేను లేనూ?" అనేవాడు మావయ్య. ఈలోగా పైకప్పుల పనికి నాన్నను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నిచ్చెన మీద భుజం జారే మనిషిని ఎవరు పిలుస్తారు?

మొన్న మావయ్య పనిచేసే ఆసుపత్రిలోనే కిటికీలకు రంగులేసే పని మా ఇద్దరికీ దొరికింది. కిటికీ అవతల హాల్లో డాక్టర్ల సమావేశం జరుగుతోంది. తెర మీద మొహం కనపడకుండా ఒక భుజం, దాని మీద సున్నంతో కాలిన మచ్చ. ఆ మచ్చకు నూనె రాసినదాన్ని నేనే. పక్కన మైకు పట్టుకుని మా మావయ్య.

"మనిషి మారితే పోలిక సరిగ్గా కుదరదు. మేం మూడు పద్ధతులూ ఒకే భుజం మీద చూశాం. నొప్పి తక్కువ మూడోదాంట్లోనే" అంటున్నాడు. అన్నీ నాన్న చెప్పిన మాటలే, నవ్వులాట తీసేసి.

ముందు వరసలో ఒక పెద్దావిడ అడిగింది. "ఇన్నిసార్లు జారితే ఆపరేషన్ ఎందుకు చెయ్యలేదు?"

"పేషెంటు ఒప్పుకోలేదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఇంకెలా ఉంటుంది? నాన్న మాత్రం బ్రష్షు డబ్బా మీద పెట్టి, చేతులు తుడుచుకుని, సమావేశం ముగిసేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. బయటికొచ్చిన మావయ్య మమ్మల్ని చూసి తెల్లబోయాడు.

"నేనెప్పుడు వద్దన్నానురా?" అన్నాడు నాన్న.

మావయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కోప్పడకు బావా. ఇంకొక్క పద్ధతి మిగిలింది. అది కూడా చూసేసి ఆపరేషన్ చేసేద్దామనుకున్నా."

అంటూ నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. నాన్న ఆ చెయ్యి తీసేశాడు.

"ఆ మాట మీ అక్కకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."